తెరమీది రూపము, అద్దములోని రూపము

1995వ సంవత్సరమున, పసిఫిక్ మహాసముద్రములోని ఫిజీ దీవులలో నాడ్రోగా అను ప్రాంతమునకు టెలివిజను వచ్చెను. అంతవరకు అచటి స్థానిక ఫిజీయులకు నిండైన దేహము ఆరోగ్యమునకును, ఇంటివారి ఆదరణకును గుర్తు. ఎవరైన చిక్కిపోయినచో ఇరుగుపొరుగువారు కలతపడెడివారు.

మానసిక వైద్యురాలును, మానవశాస్త్రజ్ఞురాలును అగు ఆన్ బెకర్, టెలివిజను వచ్చిన కొలది వారములకే అచటి పాఠశాలల బాలికలను 63 మందిని ప్రశ్నించెను. 1998లో మరల 65 మందిని ప్రశ్నించెను. తిండి విషయమున అస్వస్థ ధోరణి కనబరచినవారు మొదట నూటికి 12.7 మంది, మూడేండ్ల తరువాత 29.2 మంది. బరువు తగ్గుటకై కావలెనని వాంతి చేసికొనునట్టి బాలిక 1995లో ఒక్కతెయు లేదు; 1998లో నూటికి 11.3 మంది ఉండిరి. రెండు సారులును ప్రశ్నింపబడినది ఒకే బాలికలు కారు. మూడేండ్లలో అచట మారినది టెలివిజను ఒక్కటియే అనియు చెప్పలేము. అయినను ఈ అంకెలను త్రోసిపుచ్చుట కష్టము.

బొమ్మ చూచినంతమాత్రమున మనసు ఏల మారును? 1954లో లియాన్ ఫెస్టింజర్ అను అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి పనికివచ్చు సిద్ధాంతమునొకదానిని ప్రతిపాదించెను. గట్టి కొలబద్ద దొరకనిచోట మనిషి ఇతరులతో పోల్చుకొని తన్ను తాను కొలుచుకొనును. అందును, తనవంటివారితో పోల్చుకొనుటకే మొగ్గు చూపును. బరువునకు త్రాసు కలదు, అందమునకు లేదు. మార్కులకు కొలత ఉన్నను, పేపరు చేతికి రాగానే ప్రక్కవాని పేపరులోనికి తొంగిచూడని విద్యార్థిని నేనింతవరకు చూడలేదు!

టెలివిజనులోని నటి ఎచటనో దూరమున నుండును. 2004లో హార్వర్డు విశ్వవిద్యాలయమున మొదలై కళాశాల వెంట కళాశాలకు ప్రాకిన ఫేస్‌బుక్కులోను, 2010లో వచ్చిన ఇన్‌స్టాగ్రాములోను కనబడునది సహాధ్యాయిని. ఆమె ఇరువది ఫొటోలు తీసికొని, ఒకదానిని ఎన్ని, చర్మమును నునుపుచేసి పెట్టవచ్చును. చూచువారికి ఆ సంగతి తెలియకపోదు, తెలిసియు పోల్చుకొందురు.

ఫేస్‌బుక్కు అన్ని కళాశాలలకును ఒకేనాడు రాలేదు గదా! ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు ఈ వ్యత్యాసమునే ఆధారముగా గైకొని, అది ముందు వచ్చిన కళాశాలలను తరువాత వచ్చినవానితో సరిపోల్చిరి. అది వచ్చినచోట విద్యార్థుల మానసికారోగ్యము కొంత క్షీణించినదనియు, పోల్చుకొనుటయే దానికి ముఖ్యకారణము కావచ్చుననియు 2022లో ప్రకటించిరి.

రూపమునే గూర్చిన ప్రయోగమొకటి 2015లో వెలువడెను. 112 మంది యువతులలో కొందరు ఫేస్‌బుక్కును, కొందరు ఒక పత్రిక వెబ్‌సైటును, మిగిలినవారు అందచందములతో సంబంధము లేని వెబ్‌సైటును పది నిమిషములు చూచిరి. ఈ కడపటివారికంటె ఫేస్‌బుక్కు చూచినవారి మనఃస్థితి దిగజారెను. వారిలో పోల్చుకొను అలవాటు హెచ్చుగా గలవారు తమ ముఖమును, జుట్టును, చర్మమును మార్చుకొనవలెనని ఎక్కువగా కోరిరి. శరీరముపై అసంతృప్తిలో మాత్రము మూడు వర్గములకును చెప్పుకోదగిన భేదము కనబడలేదు. ఫేస్‌బుక్కులో పెట్టునవి హెచ్చుగా ముఖముల ఫొటోలే అగుటవలన కాబోలు.