కూకట్‌పల్లి నాలా, సముద్ర కాలుష్యం

కూకట్‌పల్లి నాలా హైదరాబాదు వాయవ్య ప్రాంతపు మురుగును, జీడిమెట్ల, బాలానగర్ పరిశ్రమల వ్యర్థాలను హుస్సేన్‌సాగర్ చెరువుకు చేర్చే కాలువ. సముద్రం లేని ఊరికి సముద్ర కాలుష్యంతో పనేమిటనేవారు నీటి దారి చూడాలి: సాగర్ నుంచి మూసీ, వాడపల్లి దగ్గర కృష్ణ, హంసలదీవి దగ్గర బంగాళాఖాతం. మధ్యలో కృష్ణపై ఉన్న పులిచింతల ఆనకట్ట, ప్రకాశం బ్యారేజీ ఆపవా అంటే, కొంతే ఆపుతాయి. ఒండ్రు అడుగున పేరుకుంటుంది. నీటిలో కరిగిన నైట్రేట్లు, మందుల అవశేషాలు అంత తేలిగ్గా ఆగవు. పైగా కృష్ణ కడలిని చేరేది ఎక్కువగా వరద గేట్లెత్తినప్పుడే, నాలా పొంగేదీ వానల్లోనే.

నాలా మురుగును అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించే ఏర్పాటు మంచిదే, కానీ అది వానలేని రోజుల ప్రవాహానికి సరిపడేది. కుండపోత పడితే పాల ప్యాకెట్లు, థర్మాకోల్ ముక్కలు, నల్లటి నురగ నేరుగా చెరువులో పడతాయి. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది గనుక కుండపోతలు ముదురుతాయి. 2020 అక్టోబరులో నగరాన్ని ముంచిన వాయుగుండం పుట్టింది ఆ బంగాళాఖాతంలోనే.