రెండో ప్లగ్గు

2007 ఆగస్టు. హోసూరు.

ఆంధ్రప్రదేశ్‌లోని చెన్నేకొత్తపల్లి దగ్గర లారీలు హారన్ కొట్టుకుంటూ పోయే రోడ్డే పెనుకొండ, చిక్కబళ్ళాపురం, బెంగళూరు దాటి హోసూరు చేరుతుంది. అప్పట్లో దాన్ని ఏడో నంబరు జాతీయ రహదారి అనేవాళ్ళు, ఇప్పుడు 44. హోసూరు తమిళనాడులో ఉన్నా అక్కడి ఇళ్ళలో, సంతల్లో తెలుగు నేటికీ వినిపిస్తూనే ఉంటుంది. టీవీఎస్ మోటార్ కంపెనీ ఫ్యాక్టరీ అక్కడే. ఆ ఆగస్టులో కంపెనీ ఒక ప్రకటన చేసింది. 125 సీసీ కొత్త బైకు వస్తోంది, పేరు ఫ్లేమ్. డిసెంబరు 14న మార్కెట్లోకి విడుదల.

ఆ బండి ఇంజనులో సిలిండరు బోరు 54.5 మిల్లీమీటర్లు. సిలిండరు ఒక్కటే. దాని హెడ్డుకు స్పార్క్ ప్లగ్గులు మాత్రం రెండు.

గొడవంతా ఆ రెండో ప్లగ్గుతోనే మొదలైంది.

పుణెలో బజాజ్ ఆటో ఆ ప్రకటన చూసింది. 2003 నుంచి పల్సర్ బండ్ల మీద డీటీఎస్-ఐ అన్న నాలుగక్షరాల మాటను ఊరూరికీ చేర్చిన కంపెనీ అది. ఆ మాటకు అర్థం కూడా రెండు ప్లగ్గులే. 2007 నాటికి బజాజ్ అమ్మే ద్విచక్ర వాహనాల్లో సగానికి పైగా ఆ పరిజ్ఞానంతో తయారైనవే. అంతటి అమ్మకాలకు కాపలాగా కంపెనీ చేతిలో ఒక కాగితం ఉంది. భారత పేటెంటు నంబరు 195904. 2002 జులై 16న దరఖాస్తు, 2005 జులై 7న మంజూరు. శీర్షిక చదివితే సాదాసీదాగా ఉంటుంది: నాలుగు స్ట్రోకుల సూత్రం మీద పనిచేసే మెరుగైన అంతర్దహన ఇంజను.

ఆ మెరుగు ఏమిటో ముందు చూడాలి. అది తెలియకుండా ఈ కథ అర్థం కాదు. చిన్న ఇంజనులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమానికి ఒక ప్లగ్గు ఒక పక్క నుంచి నిప్పంటిస్తుంది. ఆ మంట ఇవతలి గోడ నుంచి అవతలి గోడ దాకా పాకాలి. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గించి మైలేజీ రాబట్టాలని చూస్తే మంట నెమ్మదిస్తుంది, ఒక్కోసారి మొత్తం కాలదు. ఎదురెదురుగా రెండు ప్లగ్గులు పెడితే మంట రెండు వైపుల నుంచీ వచ్చి నడుమ కలుస్తుంది. మిశ్రమం త్వరగా, పూర్తిగా కాలుతుంది. వినడానికి తేలికే. కానీ 45 నుంచి 70 మిల్లీమీటర్ల బోరు మీద కూర్చునే హెడ్డులో చోటెక్కడుంది? వాల్వులకే సరిపోదు. రెండో ప్లగ్గు దిగాల్సిన వైపు క్యామ్ చైన్ తిరుగుతూ ఉంటుంది, దాని చుట్టూ ఆయిలు చిమ్ముతూ ఉంటుంది. ఆ ప్లగ్గును ఒక గొట్టం లాంటి స్లీవ్‌లోంచి దించి, దానికి ఆయిలు తగలకుండా కాపాడారు. పేటెంటులో ఈ స్లీవ్ ప్రస్తావన ఉంది.

ఈ స్లీవ్ సంగతి ఇంజనీర్ల కంటే మన మెకానిక్కులకు ఎక్కువ తెలుసు. హైవే పక్కన ఏ షెడ్డులోనైనా ఈ తరహా మాటలు వినబడతాయి.

"ఏమప్పా, ప్లగ్గు మార్చినావు కదా, మళ్ళా మిస్సవుతాంది?"

"ఒకటే మార్చినాన్నా. లోపల ఇంకోటుంది సూడు, దానికి సన్న పానా కావల్ల."

"రెండూ మార్చెయ్ సామీ. దావలో నిలబడిపోతే ఎట్ల?"

ఆ సన్న పానా దూరే లోతే స్లీవ్ లోతు. కొన్నేళ్ళ పాటు కోర్టుల్లో పెద్ద పెద్ద లాయర్లు వాదించుకున్నది ఆ జానెడు చోటు గురించే.

ఎగ్జామినర్ బల్ల మీద

పేటెంటు ఇచ్చేటప్పుడు ఆఫీసులో ఎవరూ ఇంజను విప్పి చూడరు. దరఖాస్తుదారు రాసిన క్లెయిములను చూస్తారు. నా హక్కు ఇక్కడ మొదలై ఇక్కడ ఆగుతుంది అని మాటల్లో గీసుకున్న సరిహద్దులే క్లెయిములు. ఎగ్జామినర్ ఒక్కో మాటా తీసుకుని ప్రపంచమంతా వెతుకుతాడు. పాత పేటెంట్లు, పత్రికల్లో అచ్చయిన వ్యాసాలు, అమ్మకంలో ఉన్న సరుకు. అడిగేవి ముఖ్యంగా మూడు ప్రశ్నలు. ఇది కొత్తదేనా? ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టేదేనా? పరిశ్రమలో పనికొస్తుందా?

రెండో ప్రశ్నే కష్టమైనది. దాన్ని ఇంజనుతో కంటే కారు మెట్టుతో చెబితే సులువు. ఎత్తైన కారు తలుపు తీయగానే కింద నుంచి ఒక మెట్టు బయటికొచ్చి, తలుపు వేయగానే మళ్ళీ లోపలికి పోయే ఏర్పాటు ఉంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఎంతో ఆసరా. అమెరికాలో హోర్స్ట్ లీట్నర్ అనే ఆయన ఇలాంటి మెట్టుకు 2003లో పేటెంటు పొందాడు. సైకిలు వెనక సస్పెన్షన్‌లో హోర్స్ట్ లింక్ అని పేరు నిలిచిన మనిషే ఆయన. ఇప్పుడు మన దగ్గరి కుర్రాడు ఎవరైనా అలాంటి మెట్టుకు దరఖాస్తు పెట్టాడనుకుందాం. ఎగ్జామినర్ పాత కాగితాలు తీస్తాడు. బండికి మెట్టు? గుర్రపు బళ్ళ నాటిది. మడిచే మెట్టు? అదీ ఉంది. మోటారుతో కదిలేది? ఉంది. తలుపు తీస్తే స్విచ్చు పడటం? ఉంది. ఇలా ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే చివరికి మెట్టును కదిలించే చేతుల అమరికో, కీలు అమరికో, మనిషి నిలబడినప్పుడు ఆ బరువు మోటారు మీద పడకుండా ఆపే దిమ్మో, ఏదో ఒకటి మిగలాలి. ఆ మిగిలినది కూడా పనిమంతుడికి ఇట్టే తట్టే ఆలోచన కాకూడదు. అది మిగిలితే పేటెంటు వస్తుంది. మిగలకపోతే అభ్యంతరాల నివేదిక వస్తుంది, గడువులోగా జవాబు చెప్పుకోవాలి.

జవాబు నెగ్గి పేటెంటు మంజూరైనా అంతటితో అయిపోదు. 1970 నాటి మన పేటెంట్ల చట్టం 13వ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ ఈ విషయాన్ని సూటిగా చెబుతుంది. ఆఫీసు పరీక్షించి ఇచ్చినంత మాత్రాన ఆ పేటెంటు చెల్లుబాటుకు పూచీ ఉన్నట్టు కాదు. 1978 డిసెంబరులోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఆ కేసు ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్‌లో పాత్రలు చేసేవాళ్ళది. లేతు మీద పాత్రను తిప్పుతూ మెరుగుపెట్టేటప్పుడు అది జారిపోకుండా పట్టి ఉంచే పద్ధతికి 1951లో పేటెంటు పుట్టింది. పాతికేళ్ళకు పైగా గడిచాక, ఇందులో పనివాడికి తెలియని కొత్త ఆలోచన లేదని కోర్టు దాన్ని కొట్టేసింది. బిశ్వనాథ్ ప్రసాద్ కేసుగా దాన్ని నేటికీ చదువుతారు.

హోసూరు వాళ్ళు పట్టుకున్నదీ ఈ దారినే.

పండగ సీజను, కోర్టు సీజను

2007 ఆగస్టు 24న టీవీఎస్ చెన్నైలోని మేధోసంపత్తి అప్పిలేట్ బోర్డుకు వెళ్ళింది. 195904 పేటెంటును రద్దు చేయండి అన్నది పిటిషను. సెప్టెంబరు మొదట్లోనే ఫ్లేమ్ తమ పేటెంటును ఉల్లంఘిస్తోందని బజాజ్ బహిరంగంగా అంది. అక్టోబరులో టీవీఎస్ మద్రాసు హైకోర్టులో దావా వేసింది: ఇవి ఆధారం లేని బెదిరింపులు, ఆపించండి. బజాజ్ కూడా ఊరుకోలేదు, ఉల్లంఘన దావా వేసింది. ఎదురెదురు ఫిర్యాదులు రెండూ ఒకే కోర్టు మెట్లెక్కాయి. మరోపక్క డిసెంబరు 14 ముంచుకొస్తోంది.

టీవీఎస్ వాదన రెండు కాళ్ళ మీద నిలబడింది. మొదటిది, రెండు ప్లగ్గుల ఆలోచన బజాజ్‌తో పుట్టలేదు. 1985 నాటి హోండా వారి అమెరికా పేటెంటు నంబరు 4534322 అందుకు సాక్ష్యం, చిన్న ఇంజనులో బహుళ వాల్వులు, రెండు ప్లగ్గులు అందులో ఉన్నాయి. రెండోది, తమ ఇంజనే వేరు. అది ఆస్ట్రియాకు చెందిన ఏవీఎల్ సంస్థ పరిజ్ఞానంతో చేసింది. దానికి వాల్వులు మూడు, గాలి లోపలికి వచ్చే దారిలో రెండు, పొగ బయటికి పోయే దారిలో ఒకటి. బజాజ్ క్లెయిము మాట్లాడేది రెండు వాల్వుల ఇంజను గురించి.

బజాజ్ వాదన కూడా బలమైనదే. పెద్ద ఇంజనుల్లో రెండు ప్లగ్గులు ఉంటే ఉండనీ, ఇంత చిన్న బోరులో చోటు చేసి, ఆయిలు నుంచి కాపాడి పనిచేయించింది మేము. అదనంగా ఒక వాల్వు కలిపినంత మాత్రాన మా ఆలోచన మీది అయిపోదు.

నాకు ఈ దశే అన్నిటికంటే ఆసక్తికరం. బండ్లు తయారై ఉన్నాయి, డీలర్లు ఎదురుచూస్తున్నారు. అయినా అసలు ప్రశ్న ఒక వాక్యంలో ఒక అంకె మీద నిలబడింది. రెండు వాల్వులు అని రాశారు. ఆ రెండు అన్న మాట హద్దా, ఉదాహరణా?

2008 ఫిబ్రవరి 16న మద్రాసు హైకోర్టు ఏకసభ్య ధర్మాసనంగా జస్టిస్ పి. జ్యోతిమణి తీర్పు చెప్పారు. తాత్కాలిక నిషేధం. రెండు ప్లగ్గులతో ఫ్లేమ్ అమ్మకూడదు. హోసూరు ఇంజనీర్లు వెంటనే హెడ్డు మీద పని పెట్టుకున్నారు. రెండో ప్లగ్గు తీసేశారు. మార్చికల్లా ఒంటి ప్లగ్గుతో ఫ్లేమ్ రోడ్డెక్కింది. ఏ ప్రత్యేకత చూపి జనాన్ని పిలిచారో అది లేకుండా ఆ బండి బజారుకొచ్చింది. కొత్త బండి మార్కెట్లో నిలదొక్కుకునేది మొదటి ఏడాదిలోనే అని బండ్ల వ్యాపారం తెలిసిన వాళ్ళంతా అంటారు. ఫ్లేమ్‌కు ఆ ఏడాది కోర్టులోనే గడిచింది.

2009 మే 18న జస్టిస్ ఎస్.జె. ముఖోపాధ్యాయ, జస్టిస్ ఎఫ్.ఎం. ఇబ్రహీం కలీఫుల్లాల డివిజన్ బెంచి నిషేధాన్ని ఎత్తేసింది. ఆ ధర్మాసనం అంకె దగ్గరే ఆగి చూసింది. బజాజ్ తన ఆవిష్కరణను రెండు వాల్వుల చుట్టూ కట్టుకుంది. మూడు వాల్వుల ఇంజను, పైపైన చూసినా, ఆ సరిహద్దు బయట ఉన్నట్టే కనిపిస్తోంది.

బజాజ్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2009 సెప్టెంబరు 16న జస్టిస్ మార్కండేయ కట్జు, జస్టిస్ అశోక్ కుమార్ గంగూలీల ధర్మాసనం టీవీఎస్ బండి అమ్ముకోవచ్చంది. కాకపోతే అమ్మకాల లెక్కలన్నీ పక్కాగా రాయాలి, వాటిని చూడటానికి కోర్టు తరఫున రిసీవరు ఉంటారు. ప్రధాన దావాను నవంబరు 30 లోగా తేల్చేయాలని హైకోర్టుకు గడువు పెట్టింది. అంతేకాదు, పేటెంట్లు, ట్రేడ్‌మార్కుల దావాల్లో అందరూ తాత్కాలిక ఉత్తర్వుల మీదే ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నారనీ, ఇలాంటి కేసులను రోజువారీగా విని నాలుగు నెలల్లో తీర్పు చెప్పాలనీ దేశంలోని కోర్టులన్నిటికీ చెప్పింది.

నాలుగు నెలలు అన్నారు. ఈ వివాదం ముగిసింది పదేళ్ళకు. 2019 అక్టోబరులో రెండు కంపెనీలూ రాజీ పడి, ఎక్కడెక్కడి కేసులనూ వెనక్కి తీసుకుంటున్నామని, ఇందులో డబ్బు లావాదేవీ ఏమీ లేదని ప్రకటించాయి. పేటెంటు చెల్లుతుందా లేదా, మూడో వాల్వు కలిపితే తప్పించుకున్నట్టేనా అన్న ప్రశ్నలకు తుది తీర్పు రానేలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఇద్దరూ పెద్ద కంపెనీలు కాబట్టి పన్నెండేళ్ళు తట్టుకున్నాయి. ఒంటరి ఆవిష్కర్త, షెడ్డులో ఏదో కొత్తది చేసిన మెకానిక్, ఇదే దారిలో నడిస్తే రెండో ఏడాదికే ఇల్లు గుల్లవుతుంది. సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది వాళ్ళ కోసమే అని నేను అనుకుంటాను. దాన్ని అమలు చేసే బాధ్యత కింది కోర్టుల మీద, కేసు సాగదీయాలనుకునే వకీళ్ళ మీద నేటికీ ఉంది.

ఇదే రోడ్డు మీద

ఆ రాజీ కుదిరిన 2019లోనే, ఆగస్టు 8న, చెన్నేకొత్తపల్లికి దగ్గర్లోనే పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసేలా కట్టిన కర్మాగారం అది. దాని చుట్టూ విడిభాగాల యూనిట్లు వెలిశాయి. హిందూపురం, ధర్మవరం, పెనుకొండ పిల్లలు ఇప్పుడు ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి ఆ గేట్లలోకి పోతున్నారు. బ్రాకెట్లు, కీలు, స్విచ్చులు, మెట్లు రోజూ చేత్తో పట్టుకుంటున్న పిల్లలు. ఇది ఇలా ఉంటే బాగుండు అన్న ఆలోచన వాళ్ళలో ఎవరికైనా రావచ్చు, వస్తుంది కూడా.

అలా వచ్చినవాళ్ళకు ఒక విన్నపం. మీ ఆలోచనను మొదట ఏ ఎగ్జిబిషన్లోనో, వాట్సాప్ వీడియోలోనో చూపించకండి. ముందుగా చూపిస్తే అది కొత్తది కాదన్న సాక్ష్యం మీరే ఇచ్చినట్టవుతుంది. భారత పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో పాత పేటెంట్లు ఉచితంగా వెతకవచ్చు, దానికో వారం ఇవ్వండి. క్లెయిము రాసేటప్పుడు ప్రతి అంకె దగ్గరా ఆగండి. రెండు అని రాస్తే మూడు చేసినవాడు మీ సరిహద్దు బయటికి పోగలడు, ఎన్ని అన్నది ఏమీ చెప్పకపోతే పాతది ఏదో మీ క్లెయిములోకి వచ్చి పడగలదు.

బజాజ్ పేటెంటుకు ఇరవై ఏళ్ళు 2022 జులైతో నిండాయి. చిన్న బోరులో రెండు ప్లగ్గులు పెట్టుకోవాలనుకునే ఎవరికైనా ఇప్పుడు ఆ క్లెయిము అడ్డు రాదు. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులన్నీ చెన్నై గిండీలోని పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైనులో పెట్టుకునే వ్యక్తికి దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పరీక్ష కోరడానికి 4,000 రూపాయలు.