గుట్ట మీది బస్తీ, వారం వారం చికిత్స: ఫిల్మ్‌నగర్ పరిసరాల్లో శారీరక వైకల్యమున్న పిల్లలకు ప్రభుత్వ థెరపీ సేవలు

మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. శారీరక వైకల్యమున్న పిల్లల కోసం మనం కట్టుకున్న ప్రభుత్వ వ్యవస్థ మాత్రం చాలావరకు పోలియో కాలం నాటి ఆలోచనతోనే నడుస్తోంది. ఆపరేషన్, క్యాలిపర్స్, మూడు చక్రాల బండి అప్పటి ప్రధాన సాయాలు. పంజాగుట్టలోని నిమ్స్ కూడా 1960లలో నిజాం చారిటబుల్ ట్రస్టు నెలకొల్పిన ఎముకల ఆసుపత్రిగా మొదలైందే. విశాఖపట్నంలో డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు పోలియో పిల్లలకు వేల సంఖ్యలో శస్త్రచికిత్సలు చేసి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ తరం చేసిన సేవ చాలా గొప్పది.

ఇప్పుడు థెరపీ కోసం వచ్చే పిల్లల్లో ఎక్కువగా కనిపించేది సెరిబ్రల్ పాల్సీ, అంటే ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఏడవకపోవడం, పసికందుగా ఉన్నప్పుడు తీవ్రమైన కామెర్లు రావడం దీనికి తరచూ కనిపించే కారణాలు. మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు, కానీ బిడ్డ పెరుగుతుంది. ఎముక సాగినంతగా బిగుసుకున్న కండరం సాగదు. అందుకే మడమలు పైకి లేస్తాయి, మోకాళ్లు ముడుచుకుంటాయి, తుంటి కీలు పక్కకు జరుగుతుంది. ఒక్క ఆపరేషన్‌తో ముగిసిపోయే చికిత్స కాదిది. పదిహేనేళ్ల పాటు వారం వారం సాగాల్సిన పని. ఆ పని పేదింటికి ఎంత దగ్గరగా జరుగుతోందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నను పరీక్షించడానికి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కంటే తగిన చోటు దొరకదు. 1988 నుంచి అపోలో ఆసుపత్రి ఇక్కడే ఉంది. ప్రైవేటు థెరపీ కేంద్రాలకూ కొదవలేదు. ఆ మేడలకు కూతవేటు దూరంలోనే జ్ఞానీ జైల్‌సింగ్ నగర్, దీన్‌దయాళ్ నగర్ లాంటి బస్తీలున్నాయి. కింద కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, ప్రొడక్షన్ బాయ్‌లు కాపురముంటారు. తెల్లవారకముందే షూటింగ్ బండి ఎక్కే తండ్రికి, ఇళ్లలో పనికి వెళ్లే తల్లికి థెరపీ రోజంటే ఆ రోజు కూలి పోయినట్టే. రాతిగుట్టను తొలిచి కట్టుకున్న ఇళ్ల మధ్య మెట్లు ఎక్కువ. ఉచితంగా ఇచ్చిన చక్రాల కుర్చీ కూడా ఆ మెట్ల దగ్గర ఆగిపోవాల్సిందే.

ప్రభుత్వం వైపు ఏర్పాట్లు లేవని కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లాలి. అవి గుర్తించిన పిల్లల్ని జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ పిల్లల ఆసుపత్రి ఉంది. మేధో వైకల్యమున్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ఫిజియోథెరపిస్టు అక్కడికి వచ్చేది నిర్ణీత రోజుల్లోనే. వైకల్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ ఉంటే పింఛను వస్తుంది. తెలంగాణలో అది 2023లో 4016 రూపాయలకు పెరిగింది. అయితే వీటిలో గుర్తింపు, సర్టిఫికెట్, ఉపకరణం, శస్త్రచికిత్స లెక్కకు సులువుగా అందుతాయి. ఒక బిడ్డకు ఏడాదిలో ఎన్నిసార్లు థెరపీ అందిందన్నది మాత్రం అంత తేలిగ్గా లెక్కలోకి రాదు.

2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. బిడ్డను చంకనేసుకుని ఆసుపత్రికి వెళ్లే తల్లికి అది పెద్ద ఊరట. అయితే మూడేళ్ల బిడ్డను మోసినట్టు పదేళ్ల బిడ్డను మోయలేం. కీళ్లు బిగుసుకునే ముప్పు పెరిగే ఎదుగుదల వయసులోనే బిడ్డ బరువూ పెరుగుతుంది. చికిత్స ఎక్కువ అవసరమైన ఆ ఏళ్లలోనే కేంద్రానికి వెళ్లడం ఆగిపోయే ప్రమాదముంది. దీన్ని తల్లిదండ్రుల నిర్లక్ష్యం అనడం అన్యాయం.

ఇటీవలి పరిశోధనలు మరో మాట చెబుతున్నాయి. థెరపిస్టు బిడ్డ కాళ్లను చాపి ముడవడం వల్ల ఒనగూరేది తక్కువ. గ్లాసు పట్టుకోవడం, గడప దాటడం, మంచం మీంచి దిగడం లాంటి పనులను బిడ్డే ఇంట్లో రోజూ సాధన చేస్తే ఫలితం ఎక్కువ. అలాగైతే థెరపిస్టు ఆ ఇంటిని, ఆ గడపను చూసి తీరాలి. వంకర పాదాలతో పుట్టిన పిల్లల అనుభవమూ ఇదే చెబుతోంది. పోన్‌సెటి పద్ధతిలో వారం వారం కట్లు మార్చి పాదాన్ని సరిచేయడం కొన్ని వారాల పని. ఆ తర్వాత నాలుగైదేళ్ల వయసు దాకా, ముఖ్యంగా రాత్రిళ్లు, ఇంట్లోనే బ్రేస్ తొడగాలి. అది మానేస్తే పాదం మళ్లీ వంగే ముప్పు ఎక్కువ.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ ఉచిత వైద్యం సమీపంలోనే అందాలంటుంది, ముఖ్యంగా గ్రామీణ ప్రాంతాల్లో. నగరంలోని బస్తీ ఆ ‘ముఖ్యంగా’లో చోటు దక్కక జారిపోయింది. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. వాటిలో వారానికి రెండు రోజులు ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టాలి, మరో రోజు ఇళ్లకు పంపాలి. కూలి పోకుండా సాయంత్రం వేళల్లోనూ సేవ అందాలి. డబ్బు విషయంలో దారి ఇప్పటికే ఉంది. ఆరోగ్యశ్రీలో చెవిటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చాక వినికిడి, మాట నేర్పే థెరపీకి కూడా వాయిదాల్లో చెల్లిస్తారు. శస్త్రచికిత్స తర్వాతి నెలల్ని కూడా చికిత్సగా ఒప్పుకున్న పద్ధతి అది. కాళ్లూ చేతుల చికిత్సకూ దాన్ని వర్తింపజేయాలి. సంచార బృందాల రిజిస్టరులో ఇంకో రెండు గడులు గీయాలి: పంపిన బిడ్డ ఆరు నెలల తర్వాత కూడా థెరపీకి వెళ్తోందా, మానేస్తే ఏ వయసులో, ఏ కారణంతో మానేసింది.