నిక్సీ గడియారం కొంటున్నారా? ముందు దాని కథ వినండి

సత్తెనపల్లి నుంచి మాట్లాడుతున్నా. మా వీధిలో డిప్లొమా చదివే కుర్రాడొకడు మొన్న అడిగాడు. "అన్నా, నిక్సీ గడియారం కొందామనుకుంటున్నా. బాగా వెలగాలి, రేటు తక్కువుండాలి. ఏది తీసుకోమంటావ్?" అని. వాడి దగ్గరున్నది సెలవుల్లో మిరపకాయ కోతలకెళ్లి దాచుకున్న డబ్బు. అందుకే ఏదో ఒక లింక్ పంపి చేతులు దులుపుకోలేకపోయా. ఈ గడియారం విషయంలో రేటు ఎందుకంత ఉందో, వెలుగు ఎందుకంతే ఉంటదో తెలియాలంటే చరిత్రలోకి వెళ్లాల్సిందే.

ముందు మీ ఇంట్లో టెస్టర్ తీయండి. ప్లగ్గులో కరెంటు ఉందో లేదో చూసుకునేది. దాని పిడిలో నారింజ రంగులో మినుకుమనే చిన్న బుడ్డి ఉంటది కదా, అది నియాన్ దీపం. నిక్సీ కూడా ఆ జాతిదే. గాజు బుడ్డిలో కొంచెం నియాన్ వాయువు నింపుతారు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెల ఆకారంలో ఉన్న పది సన్నటి లోహపు ముక్కలు ఒకదాని వెనక ఒకటి నిలబెడతారు. ముందు జల్లెడ లాంటి తీగ ఉంటది. ఏ అంకెకి కరెంటిస్తే దాని చుట్టూ ఉన్న వాయువు వెలుగుతుంది. బల్బులో లాగా కాలే ఫిలమెంటు ఇందులో లేదు. అంకెలు మారేటప్పుడు ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ జరిగినట్టు కనపడేది ఈ అమరిక వల్లే. నిజం చెప్పాలంటే జనం డబ్బు పెట్టేది ఆ అందానికే.

అమెరికాలో హైడూ బ్రదర్స్ అనే చిన్న కంపెనీ దీన్ని తయారుచేసింది. 1954లో బరోస్ కంపెనీ వాళ్లని కొనేసింది, 1955లో నిక్సీ అన్న పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. 'న్యూమెరిక్ ఇండికేటర్ ఎక్స్‌పెరిమెంటల్ నంబర్ 1' అని డ్రాయింగ్ మీద పొట్టిగా రాసుకుంటే అది నిక్సీ అయిందని చెప్తారు. తర్వాత లాబొరేటరీ మీటర్లలో, ఫ్యాక్టరీ కౌంటర్లలో ఇవే. 1961లో ఇంగ్లండులో వచ్చిన ఆనిటా అనే ఎలక్ట్రానిక్ క్యాలిక్యులేటర్లో కూడా ఇలాంటి ట్యూబులే.

మన తెలుగు నేల మీద ఎలక్ట్రానిక్స్ పెద్ద ఎత్తున మొదలైంది కూడా నిక్సీల రోజుల్లోనే. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు, అదే ఎ.ఎస్. రావు గారు, హోమీ భాభా దగ్గర అణు పరికరాల మీద పనిచేశారు. 1967లో హైదరాబాదులో ఇసిఐఎల్ ఆయన చేతుల మీదుగానే మొదలైంది. అణు పరిశోధన అంటే రేడియేషన్ కణాల్ని లెక్కపెట్టాలి, ఆ లెక్క అంకెల్లో కళ్లకి కనపడాలి. అప్పట్లో ప్రపంచం మొత్తం మీద లెక్కపెట్టే పరికరాల ముఖాన మెరిసినవి ఎక్కువగా నిక్సీలే. అయితే ఇవి లాబుల్లోనే ఉండిపోయాయి. మన తాతల ఇళ్లల్లో గోడకి ఉన్నది కీ ఇచ్చే లోలకం గడియారమే. కాబట్టి "మా తాత వాడిన నిక్సీ గడియారం" అని ఎవరైనా అమ్మజూపితే కొంచెం ఆలోచించండి.

1972లో హెచ్‌పి-35 క్యాలిక్యులేటర్ ఎర్రటి ఎల్ఈడీ అంకెలతో వచ్చింది. చిన్నది, తక్కువ ఓల్టేజీ, జేబులో పడుతుంది. అమెరికాలో నిక్సీ పని ఇంక అయిపోయినట్టే. సోవియట్ దేశంలో మాత్రం తర్వాత కూడా చాలా ఏళ్లు చేస్తూనే ఉన్నారు. ఇప్పుడు గడియారాల్లో కనపడేవి ఎక్కువగా ఆ గోడౌన్లలో మిగిలిపోయిన సరుకే. చెక్ దేశంలో ఒకాయన చేత్తో కొత్తవి చేస్తున్నాడు గానీ ఆ రేటు మనకి కాదు. తయారీ ఆగిపోయిన వస్తువు రేటు ఏటేటా తగ్గుతుందని ఆశపడొద్దు.

ఇక ఎంపిక. ఐఎన్-18 పెద్దది, అంకె ఎత్తు 40 మిల్లీమీటర్లు. అందంగా ఉంటది, కానీ జేబుకి చిల్లు. ఐఎన్-14, ఐఎన్-12 రెండింట్లోనూ అంకె 18 మిల్లీమీటర్లే. ఐఎన్-14 నిలబడి ఉంటది, పక్కనుంచి చూడాలి. ఐఎన్-12లో అంకె ట్యూబు తల మీద కనపడుతుంది, సాకెట్లో గుచ్చి తీయొచ్చు, పాడైతే మార్చుకోవడం తేలిక. తక్కువ డబ్బులో నా ఓటు దీనికే, అదీ గంటలు నిమిషాలు చూపే నాలుగు ట్యూబుల రకానికి. ఒక వింత చెప్తా, ఈ రెండింట్లోనూ 5 అంటే తలకిందులు చేసిన 2. చూసి నకిలీ అనుకోకండి.

వెలుగు సంగతి. నియాన్ కాంతి ఇంతే, కరెంటు పెంచితే ట్యూబు ఆయుష్షు తగ్గుద్ది. మన పల్నాడు ఎండాకాలం పగలు కిటికీ పక్కన పెడితే ఏ నిక్సీ అయినా వెలవెలబోతుంది. ఒక్కో ట్యూబుని విడిగా నడిపే సర్క్యూటు అయితే, అన్నిటినీ వంతులవారీగా వెలిగించే దానికన్నా వెలుగు బాగుంటది. అమ్మేవాణ్ని ఈ ఒక్క ప్రశ్న అడగండి. కింద నీలం ఎల్ఈడీలు పెట్టి "సూపర్ బ్రైట్" అనేవి మాత్రం వద్దు, ఆ నీలం నారింజని మింగేస్తుంది. నిజంగా వెలుగే ముఖ్యమైతే విఎఫ్‌డి ట్యూబు గడియారం చూడండి. పచ్చనీలం కాంతి, ఓల్టేజీ తక్కువ, రేటూ తక్కువ.

ఇంకోటి. నిమిషాల పదుల స్థానంలో 6, 7, 8, 9 ఎప్పుడూ రావు. వాడని అంకెల మీద వెలిగే అంకెల లోహం పొడిలా పేరుకుని, అవి మసకబారతాయి. మంచి గడియారమైతే అప్పుడప్పుడు అన్ని అంకెల్నీ గిరగిరా తిప్పుతుంది. రాత్రి ఆరిపోయే సెట్టింగు, కరెంటు పోయినా టైము నిలబెట్టే చిన్న బటన్ బ్యాటరీ, ఈ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

మా కుర్రాడు కిట్ తెచ్చి తనే సోల్డరింగ్ చేస్తానన్నాడు. వద్దన్నా. అడాప్టర్ 12 ఓల్టులే గానీ లోపల బోర్డు దాన్ని 170 ఓల్టుల దాకా పెంచుద్ది. ప్లగ్గు పీకినా కెపాసిటర్లో కొంతసేపు కరెంటు నిలిచే ఉంటది. మొదటిసారికి మూత బిగించిన గడియారమే కొనండి. డబ్బు కట్టేముందు ప్రతి ట్యూబూ సున్నా నుంచి తొమ్మిది దాకా పూర్తిగా వెలిగే వీడియో అడగండి. ఏ అంకెకైనా సగమే వెలుగొస్తుంటే ఆ గడియారం వదిలేయండి.