లింఫోమా ఉన్నవాళ్లకు బ్రెయిన్ స్ట్రోక్ ముప్పు ఎక్కువా? పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

మూతి ఒక పక్కకు వంకర పోవడం, చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం.. ఈ లక్షణాలతో ఎవరైనా ఆస్పత్రికి వస్తే డాక్టర్లు ముందుగా బీపీ, షుగర్, గుండె జబ్బు, సిగరెట్ అలవాటు గురించి అడుగుతారు. ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చిందా అని అడిగే సందర్భాలు తక్కువ. కానీ రక్త క్యాన్సర్లలో ఒకటైన లింఫోమాకూ, బ్రెయిన్ స్ట్రోక్‌కూ సంబంధం ఉందని ఎన్నో ఏళ్లుగా జరుగుతున్న పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఆ సంబంధం అందరిలో ఒకేలా ఉండదు. జబ్బు బయటపడిన కొత్తలో ఒక కారణం, చికిత్స నడుస్తుండగా ఇంకో కారణం, జబ్బు పూర్తిగా నయమై ఇరవై ఏళ్లు దాటాక మరో కారణం. అందుకే స్ట్రోక్ ఎప్పుడు వచ్చిందన్నది ఇక్కడ చాలా ముఖ్యం.

తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లు అనే రకం అదుపు లేకుండా పెరగడమే లింఫోమా. మెడ, చంకలు, గజ్జల్లో నొప్పి లేని బిళ్లలు కట్టడం, వదలని జ్వరం, రాత్రిపూట బట్టలు తడిసేలా చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం దీని లక్షణాలు. మన దగ్గర మెడ మీద బిళ్ల కనిపిస్తే ముందు టీబీనే అనుమానిస్తారు. అందులో తప్పేమీ లేదు. బయాప్సీ చేయకుండా నెలల తరబడి టీబీ మందులు మింగిస్తేనే చిక్కు. ఇక లింఫోమాలో ప్రధానంగా రెండు రకాలు.. హాడ్జ్‌కిన్, నాన్ హాడ్జ్‌కిన్. లండన్ వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ 1832లో ఈ జబ్బును వివరించడంతో ఆయన పేరే స్థిరపడింది.

మొదటి ఆరు నెలలే ఎక్కువ ముప్పు

క్యాన్సర్ ఉన్నవారి రక్తం మామూలు కంటే త్వరగా గడ్డకడుతుంది. ఈ విషయాన్ని ఫ్రాన్స్ వైద్యుడు అర్మాండ్ ట్రూసో 1865లోనే చెప్పారు. తర్వాత కొద్ది కాలానికే ఆయన సిరలోనూ రక్తం గడ్డకట్టింది. అది చూసి తనకు ఉన్నది క్యాన్సరేనని ఆయన గుర్తించారు. 1867లో జీర్ణాశయ క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ట్రూసో చెప్పింది సిరల్లో గడ్డల గురించి. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనుల సంగతి తేల్చడానికి పెద్ద లెక్కలు కావాల్సి వచ్చింది. అమెరికాలో 2002 నుంచి 2011 మధ్య కొత్తగా క్యాన్సర్ బయటపడిన పెద్ద వయసు వారిని, అదే వయసులో క్యాన్సర్ లేనివారితో జత కట్టి పోల్చారు. మొత్తం 2,79,719 జతలు. ఈ ఫలితాలు 2017లో వచ్చాయి. క్యాన్సర్ బయటపడిన ఆరు నెలల్లో రక్తనాళం మూసుకుపోయి వచ్చే ఇస్కీమిక్ స్ట్రోక్ 3 శాతం మందిలో కనిపించింది. క్యాన్సర్ లేనివారిలో ఇది 1.6 శాతమే. ఏడాది గడిచేసరికి ఈ తేడా చాలావరకు తగ్గిపోయింది.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఇవి ఒక్క లింఫోమావి కావు. ఊపిరితిత్తులు, రొమ్ము, కడుపు, ప్రొస్టేట్ లాంటి క్యాన్సర్లతో పాటు నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమానూ కలిపి తీసిన లెక్క ఇది. పైగా వందలో 97 మందికి స్ట్రోక్ రాలేదు. కాబట్టి లింఫోమా అని తెలిసిన వెంటనే పక్షవాతం తప్పదేమోనని బెంబేలెత్తాల్సిన పని లేదు.

చికిత్స నడుస్తున్నప్పుడు..

కీమోతో ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే మెదడులో రక్తస్రావం జరగొచ్చు. లింఫోమా చికిత్సలో ఎక్కువగా వాడే డాక్సోరూబిసిన్ కొందరిలో గుండె కండరాన్ని బలహీనపరుస్తుంది. అలాంటి గుండెలో కట్టిన గడ్డ మెదడు దాకా వెళ్లొచ్చు. కొన్ని రకాల లింఫోమాలకు ఇచ్చే ఇబ్రుటినిబ్ మాత్రలది ఇంకో తలనొప్పి. వీటితో గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రావచ్చు, అది స్ట్రోక్‌కు దారి తీసే సమస్య. దాన్ని ఆపడానికి రక్తం పల్చబడే మందు ఇద్దామంటే ఇబ్రుటినిబ్ వల్లే రక్తస్రావం ముప్పు కూడా పెరుగుతుంది. ఇలాంటప్పుడు గుండె డాక్టరు, క్యాన్సర్ డాక్టరు కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

స్ట్రోక్ కాకపోయినా అచ్చం స్ట్రోక్‌లా కనిపించే సందర్భాలూ ఉన్నాయి. వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఇచ్చిన కొద్ది రోజులకు కొందరికి ఒక పక్క చెయ్యి, కాలు పడిపోతాయి, మాట పోతుంది. చాలామందిలో కొన్ని రోజుల్లోనే ఇది తగ్గిపోతుంది. కార్-టీ సెల్ థెరపీ తీసుకున్నవారిలోనూ మాట తడబడటం, అయోమయం కనిపించవచ్చు. మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారు చేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబర్‌లో అనుమతి వచ్చింది కాబట్టి ఇది ఇక విదేశీ రోగుల ముచ్చట మాత్రమే కాదు. అలాగని ఇంట్లోవాళ్లు ఇవి మందుల ప్రభావమేలే అనుకుని ఊరుకోకూడదు. తేడా తేల్చేది స్కానింగే.

నయమైన ఇన్నేళ్ల తర్వాత ఎందుకు?

అసలు విషయం ఇక్కడే ఉంది. హాడ్జ్‌కిన్ లింఫోమా కుర్ర వయసులోనూ ఎక్కువగా వస్తుంది. చాలామందికి పూర్తిగా నయమవుతుంది. అంటే చికిత్స తర్వాత నలభై, యాభై ఏళ్లు బతకాల్సిన వాళ్లు. ఒకప్పుడు వీళ్లకు మెడ, చంకలు, ఛాతీ అన్నీ కలిపి పెద్ద మోతాదులో రేడియేషన్ ఇచ్చేవారు. దీన్ని మాంటిల్ రేడియేషన్ అంటారు. ఆ కిరణాల దారిలోనే మెదడుకు రక్తం మోసే కెరోటిడ్ ధమనులు, గుండె ఉంటాయి. రేడియేషన్ తగిలిన రక్తనాళం లోపలి పొర దెబ్బతిని ఏళ్ల తరబడి నెమ్మదిగా కొవ్వు పేరుకుంటుంది, దారి ఇరుకవుతుంది.

నెదర్లాండ్స్ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనం దీన్ని లెక్కలతో చూపించింది. 1965-1995 మధ్య, 51 ఏళ్ల లోపు వయసులో హాడ్జ్‌కిన్‌కు చికిత్స తీసుకుని కనీసం ఐదేళ్లు బతికిన 2,201 మందిని గమనించారు. సగటున 17 ఏళ్లకు పైగా సాగిన ఈ పరిశీలనలో 96 మందికి స్ట్రోక్ గానీ, మినీ స్ట్రోక్ గానీ, రెండూ గానీ వచ్చాయి. సాధారణ జనాభాతో పోలిస్తే స్ట్రోక్ ముప్పు 2.2 రెట్లు, మినీ స్ట్రోక్ ముప్పు 3.1 రెట్లు ఎక్కువ. చికిత్స జరిగిన 30 ఏళ్లకు వందలో ఏడుగురికి ఈ సమస్య వచ్చినట్టు తేలింది. మెడ, ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవారిలో ముప్పు పెరిగింది. కీమోతో మాత్రం ఆ పెరుగుదల కనిపించలేదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నవారికి ఇంకాస్త ఎక్కువ. చిన్నప్పుడు హాడ్జ్‌కిన్ వచ్చి నయమైనవారిపై 2005లో అమెరికాలో వెలువడిన అధ్యయనం ఇంకా గట్టిగా చెప్పింది. వారి తోబుట్టువులతో పోలిస్తే స్ట్రోక్ ముప్పు నాలుగు రెట్లకు పైనే.

ఇప్పుడు పరిస్థితి మారింది. జబ్బు ఉన్న చోటికే, తక్కువ మోతాదులో రేడియేషన్ ఇస్తున్నారు. చాలామందికి కీమోతోనే సరిపెడుతున్నారు. ముప్పు తగ్గుతుందని వైద్యుల అంచనా. కానీ పాత పద్ధతిలో రేడియేషన్ తీసుకున్నవాళ్లు ఇప్పుడు యాభై, అరవై ఏళ్ల వయసులో ఉన్నారు. క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లడం ఎప్పుడో మానేసి ఉంటారు. కొత్త డాక్టరుకు ఆ సంగతి చెప్పాలన్న ఆలోచన కూడా రాదు. ఇలాంటివారు పాత ఫైల్ పారేయకుండా ఉంచుకోవాలి. రేడియేషన్ ఎక్కడ, ఎంత ఇచ్చారన్నది అందులో ఉంటుంది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ క్రమం తప్పకుండా చూపించుకోవాలి. మెడ రక్తనాళాలకు డాప్లర్ స్కాన్ అవసరమా అని డాక్టర్ని అడగాలి. థైరాయిడ్ పరీక్ష కూడా మర్చిపోవద్దు. మెడకు తగిలిన రేడియేషన్‌తో థైరాయిడ్ మందగిస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుంది. కాసేపు చెయ్యి తిమ్మిరెక్కి మళ్లీ మామూలైపోయినా, నీరసమే కదా అని వదిలేయొద్దు. అది మినీ స్ట్రోక్ కావచ్చు.

లింఫోమానే స్ట్రోక్ వేషంలో వస్తే?

అరుదైన రకం ఒకటుంది. ఇంట్రావాస్క్యులర్ లార్జ్ బీ సెల్ లింఫోమా. 1959లో తొలిసారి దీన్ని వర్ణించారు. ఇందులో క్యాన్సర్ కణాలు గడ్డలా కాకుండా సన్నని రక్తనాళాల లోపలే పేరుకుపోతాయి. మెదడులో ఆ నాళాలు మూసుకుపోతే స్ట్రోక్ మీద స్ట్రోక్ వస్తుంది. బిళ్లలు ఉండవు, రక్త పరీక్షలో లింఫోమా కణాలు సాధారణంగా కనిపించవు. అందుకే గతంలో చాలా కేసులు రోగి చనిపోయాక పోస్ట్‌మార్టంలోనే బయటపడ్డాయి. మందులు వాడుతున్నా మెదడులో వేర్వేరు చోట్ల స్ట్రోక్‌లు వస్తుండటం, వాటితో పాటు కారణం తెలియని జ్వరం, రక్తంలో ఎల్‌డీహెచ్ బాగా పెరగడం ఉంటే డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు. చర్మం మామూలుగానే కనిపిస్తున్నా రెండు మూడు చోట్ల చిన్న ముక్క తీసి పరీక్షిస్తే దొరికే అవకాశం ఉంది.

మెదడులోనే మొదలయ్యే లింఫోమాలో ఇంకో మెలిక. స్టెరాయిడ్లు ఇస్తే కణితి కొన్నాళ్లు కరిగిపోయి స్కాన్‌లో మాయమవుతుంది. రోగి కోలుకున్నాడని అందరూ అనుకుంటారు, మళ్లీ తిరగబెడుతుంది. మరీ అత్యవసరం కాకపోతే బయాప్సీ అయ్యాకే స్టెరాయిడ్లు మొదలుపెట్టాలని వైద్యులు చెప్పేది ఇందుకే. అలాగని స్ట్రోక్ వచ్చిన ప్రతి ఒక్కరికీ లింఫోమా పరీక్షలు అక్కర్లేదు.

ఆస్పత్రిలో ముందే చెప్పాల్సినవి

లింఫోమా రోగికి స్ట్రోక్ లక్షణాలు కనిపిస్తే క్యాన్సర్ డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. సీటీ స్కాన్ సదుపాయం ఉన్న ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్లాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. క్యాన్సర్ ఉందన్న ఒక్క కారణంతో ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడదనేమీ లేదు. కానీ ప్లేట్‌లెట్లు లక్ష కంటే తక్కువ ఉంటే రక్తస్రావం భయంతో సాధారణంగా ఇవ్వరు. అప్పుడు పెద్ద రక్తనాళం మూసుకుపోయి ఉంటే, తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటకు లాగే థ్రాంబెక్టమీ చేసే వీలుంటుంది. అందుకే వెంట వచ్చినవాళ్లు ఎమర్జెన్సీలో అడగకముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. లక్షణాలు మొదలైన సమయం, చివరి కీమో తేదీ, తాజా ప్లేట్‌లెట్ కౌంట్, రక్తం పల్చబడే మందులు గానీ ఇబ్రుటినిబ్ లాంటివి గానీ వాడుతున్నారా అన్నది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి రోగి ఫైల్ పైనే పెట్టుకుంటే ఆ హడావిడిలో వెతుక్కునే పని ఉండదు.