ఫోర్క్: తల్లి ప్రాసెస్, పిల్ల ప్రాసెస్ – ఒక చారిత్రక పరిచయం

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ప్రాసెస్ అంటారని మీకు తెలుసు. ఒక ప్రాసెస్ తనలాంటి మరో ప్రాసెస్‌ను సృష్టించడమే ఫోర్క్. ఆ తర్వాత రెండూ కోడ్‌ను ఎలా నడుపుతాయో దాని చరిత్ర ద్వారా తెలుసుకుందాం.

పంపకమా, నకలా?

2016 అక్టోబర్ 11న పెద్దపల్లి జిల్లా ఏర్పడినప్పుడు సుల్తానాబాద్ మండలం అందులో చేరింది. కరీంనగర్ జిల్లాలో ఇక మిగలలేదు. ఇది పంపకం. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినప్పుడు చట్టాల సంగతి వేరు. అప్పటివరకు అమల్లో ఉన్న చట్టాలు పునర్వ్యవస్థీకరణ చట్టం ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగాయి. ఆ తర్వాత తెలంగాణ శాసనసభ అందులో ఒక రాష్ట్ర చట్టాన్ని సవరిస్తే, ఆంధ్రప్రదేశ్‌లో అది మారదు. ఇది నకలు వంటిది. ఫోర్క్ ఈ రెండో రకానికి చెందుతుంది.

ఫోర్క్ పుట్టుక

ఫోర్క్ భావనను మెల్విన్ కాన్వే 1963లో ఒక పరిశోధన పత్రంలో వివరించారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపొందిన టైమ్ షేరింగ్ వ్యవస్థ నుంచి అది యూనిక్స్‌కు వచ్చింది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో యూనిక్స్ పని మొదలుపెట్టినప్పుడు అందులో ఫోర్క్ లేదు. తర్వాత పీడీపీ-7 కంప్యూటర్‌లో దాన్ని చేర్చడానికి 27 పంక్తుల అసెంబ్లీ కోడ్ సరిపోయిందని రిచీ రాశారు.

కోడ్ ఎలా నడుస్తుంది?

ఫోర్క్‌ను పిలిచేది ఒక్కసారే, అది తిరిగి వచ్చేది రెండుసార్లు. పిల్ల ప్రాసెస్ ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి ప్రారంభించదు. తల్లిలాగే ఫోర్క్ పిలుపు ముగిసిన చోటు నుంచి సాగుతుంది. రెండింటినీ వేరుచేసేది ఫోర్క్ ఇచ్చే విలువ: పిల్లకు 0, తల్లికి పిల్ల ప్రాసెస్ సంఖ్య. పిల్ల పుట్టకపోతే తల్లికి -1 అందుతుంది. ఈ విలువను పరీక్షించి ఎవరి పనిని వారికి అప్పగిస్తాం. ఏది ముందు నడుస్తుందో చెప్పలేం. పిల్ల ముగిసేవరకు తల్లి ఆగాలంటే వెయిట్‌ను పిలవాలి. ఒకరు వేరియబుల్ విలువ మార్చుకుంటే రెండోవారి నకలులో అది మారదు.

పనిచేయని ఆదేశం

ఈ చివరి నియమం యూనిక్స్ నిర్మాతలనే తికమకపెట్టింది. ఫోర్క్ చేర్చాక డైరెక్టరీ మార్చే ఆదేశం పనిచేయడం మానేసింది. షెల్ ప్రతి ఆదేశానికీ ఒక పిల్లను పుట్టించేది. ఆ పిల్ల తన డైరెక్టరీని మార్చుకొని ముగిసిపోయేది. తల్లి అయిన షెల్ మాత్రం ఉన్నచోటే ఉండేది. చివరకు ఆ ఆదేశాన్ని షెల్ తానే అమలు చేసేలా మార్చారు. నేటి లినక్స్‌లోనూ సీడీ ఆదేశం షెల్‌లో అంతర్భాగంగా ఉండటానికి కారణం ఇదే.

మీ అవగాహనను సరిచూసుకోండి

ఒక ప్రోగ్రామ్ ఫోర్క్‌ను వరుసగా రెండుసార్లు పిలిచి, తర్వాత ‘సుల్తానాబాద్’ అని ముద్రిస్తుంది. రెండు ఫోర్క్‌లూ విజయవంతమైతే ఆ పేరు ఎన్నిసార్లు కనిపిస్తుంది? జవాబు 4. మీకు 3 వచ్చిందా? మొదటి పిల్ల కూడా రెండో ఫోర్క్‌ను పిలుస్తుందని గుర్తుచేసుకొని మళ్లీ లెక్కించండి.