గేమింగ్ హెడ్‌సెట్

గేమింగ్ హెడ్‌సెట్ అనేది వీడియో గేముల్లో శబ్దం వినడానికి, జట్టుతో మాట్లాడడానికి వాడే, మైకుతో కూడిన హెడ్‌ఫోన్. దీని మూలం 1910లో నథానియల్ బాల్డ్విన్ అమెరికా నౌకాదళం కోసం చేసిన హెడ్‌ఫోన్లు. 1958లో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్లు తెచ్చారు.

సాధారణంగా 40 లేదా 50 మి.మీ. డ్రైవర్లు (శబ్దం పుట్టించే భాగాలు), 20 నుంచి 20,000 హెర్ట్‌జ్ శ్రేణి ఉంటాయి. దాదాపు అన్ని పెట్టెల మీదా ఇవే అంకెలు ఉంటాయి కాబట్టి వాటితో నాణ్యత తేలదు. అడుగుల చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో తెలియడమే అసలు పరీక్ష. మామూలు బ్లూటూత్‌లో తుపాకీ పేలడం ముందు కనబడి, మోత తర్వాత వినబడుతుంది. 2.4 గిగాహెర్ట్‌జ్ డాంగిల్‌లో ఈ జాప్యం తక్కువ. తీగలో దాదాపు ఉండదు.

వేసవిలో రెగ్జిన్ చెవి దిండ్ల కింద చెవులు చెమరుస్తాయి, గుడ్డ దిండ్లు నయం. తల మీది పట్టీ బిగువు, బరువు గంటసేపు పెట్టుకుంటేగాని తెలియవు. 300 గ్రాముల లోపువి తేలిక. కళ్లద్దాలున్నవారికి మెత్తటి దిండ్లు అవసరం.

శబ్దం తిప్పుడు మీట చెవి గిన్నె మీద, చూడకుండానే వేలికి తగిలేలా ఉండాలి. పైకి మడిస్తే ఆగిపోయే మైకు వాడకానికి సులువు. రెండు జాక్‌లున్న పాత కంప్యూటర్లకు 3.5 మి.మీ. స్ప్లిటర్ తీగ కావాలి.